గాలి బయటికిపోయే దారి చూడమ్మణ్ణీ!

తెల్లారకముందే మదనపల్లె టమోటా మార్కెట్‌కి ఎప్పుడైనా వెళ్లారా? వెళ్లకపోతే ఒక్కసారి వెళ్లి చూడండి. చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చిన ఆటోలు, ట్రాక్టర్లు, మినీ లారీలు, వాటి మధ్యలోంచి పరుగులు పెట్టే హమాలీలు, వేలంపాట కేకలు... యార్డంతా ఎర్రగా తివాచీ పరిచినట్టు ఉంటుంది. ఇక్కడ ధర పలికితే దేశంలో సగం వంటిళ్లు చెవులు రిక్కిస్తాయి. 2023 జూలై చివర్లో మేలురకం కాయ కిలో రెండువందల రూపాయల అంచుకు వెళ్లింది ఇక్కడే. గిట్టుబాటుకాక అదే కాయను రోడ్డు పక్కన పారబోసిన రోజులూ ఈ ఊరివాళ్లకు తెలుసు.

నేను చూడమంటున్నది ధరల బోర్డు కాదు, లారీలో సరుకు పేర్చే తీరు. ప్లాస్టిక్ క్రేట్లకు నాలుగువైపులా కంతలుంటాయి. వాటిని గోడకట్టినట్టు బిగించి పేర్చరు, వరసకీ వరసకీ మధ్య సందు వదులుతారు. పైన టార్పాలిన్ కప్పినా ముందువైపు కాస్త ఎత్తి కడతారు, వెనక వదులుగా ఉంచుతారు. ఎందుకంటే కోసిన తర్వాత కూడా కాయ ఊపిరి పీలుస్తూనే ఉంటుంది, వేడి పుట్టిస్తూనే ఉంటుంది. ఆ వేడి బయటికి పోకపోతే చెన్నై చేరేసరికి నడిమధ్య సరుకు మెత్తబడి కారిపోతుంది.

ఈ సంగతి నాకు చెప్పింది మా మామయ్య. ముప్పై ఏళ్లకు పైగా ఇదే యార్డు నుంచి మద్రాసుకు లారీ తోలిన మనిషి. అప్పట్లో సరుకు వెదురు బుట్టల్లో వెళ్లేది. 1996లో కోయంబేడు మార్కెట్ మొదలయ్యేదాకా దిగుమతి అంతా కొత్వాల్ చావడిలోనే. రాణీపేట దగ్గర టీకి ఆపినప్పుడు గ్లాసు అందుకోకముందే బుట్టల మధ్యకు మోచేతిదాకా చెయ్యి దూర్చి చూసేవాడట. వెచ్చగా తగిలితే టార్పాలిన్ విప్పేసేవాడు. ‘చెయ్యే మా ధర్మామీటరు’ అంటాడు.

ఇప్పుడాయనకు డెబ్భై ఆరేళ్లు. డీజిలు పొగో, బీడీలో, రెండూనో... ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. రోజుకు పదహారు గంటలు ముక్కుకు ఆక్సిజన్ గొట్టం ఉండాలన్నారు డాక్టరుగారు. ఇంట్లో మంచం పక్కన ఓ కాన్సన్‌ట్రేటర్ మిషన్ గుర్రుమంటూ ఉంటుంది. గాల్లో ఉన్న నైట్రోజన్‌ను వడకట్టి ఆక్సిజన్ అందించే యంత్రం అది. కరెంటు పోతే ఆగిపోతుంది.

అలాంటాయన ఒకరోజు ‘నేను తోలిన రోడ్లు ఒకతూరి చూడాల. హార్స్‌లీ కొండ, పుంగనూరు, పలమనేరు, మా అక్కోళ్ల ఊరు కుప్పం’ అన్నాడు. మావారు నా మొహం చూశారు. నేను మిషన్ వైపు చూశాను.

బండిలో ఓ ఇల్లు

బండినే ఇల్లు చేసుకోవడం మనకు కొత్తేం కాదు. తీర్థాలకు గూడుబండి కట్టుకుని పోయిన ముత్తాతల సంగతి అలా ఉంచితే, 1982లో పార్టీ పెట్టిన ఎన్టీఆర్ పాత షెవర్లే వ్యానును చైతన్యరథంగా మార్చుకుని రాష్ట్రమంతా తిరిగారు. హరికృష్ణ దాన్ని నడిపేవారు. తినడం, పడుకోవడం, ప్రసంగం అన్నీ బండిమీదే. ఆ తర్వాత సినిమావాళ్ల పుణ్యమా అని ‘క్యారవాన్’ అన్న మాట ఇంటింటికీ తెలిసింది. 2021లో కేరళ ఏకంగా క్యారవాన్ టూరిజం విధానమే ప్రకటించింది.

మాది అంత హంగున్న వ్యవహారం కాదు. మా మరిది దగ్గర పెళ్లిళ్లకు తిప్పే పాత టెంపో ట్రావెలర్ ఉంది. వెనక సీట్లు తీయించి ఒక మంచం, ఒక చిన్న బీరువా, నీళ్ల డ్రమ్ము పెట్టించాం. ఇలా మార్చాలంటే ఆర్టీఓ ఆఫీసులో అనుమతి తీసుకోవాలి. మరిది ఆ కాగితాల పని చూసుకున్నాడు. గ్యాస్ స్టవ్ మాత్రం బండిలోకి రానివ్వలేదు. ఆక్సిజన్ వాడే చోట మంట ఉండకూడదు. వంట చేసుకోవాలనుకుంటే కిందికి దిగి, దూరంగా చెట్టు కిందే.

అసలు కథ కరెంటు దగ్గర మొదలైంది. మిషన్‌కు కావలసింది 230 వోల్టుల కరెంటు. బండిలో ఉండేది 12 వోల్టుల బ్యాటరీ. మధ్యలో ఇన్వర్టర్ ఉండాలి. ఇన్వర్టర్ అంటే తెలియని ఇల్లు మన దగ్గర ఉండదు కదా! వేళాపాళా లేని కోతల కాలంలో ప్రతి వరండాలోనూ ఒకటి వెలిసింది. కానీ కదలకుండా వరండాలో కూర్చునే ఇన్వర్టర్ వేరు, గుంతల రోడ్డు మీద ఊగే బండిలో ఇన్వర్టర్ వేరు.

బడిలో ఫిజికల్ సైన్స్ చెప్పేదాన్ని కాబట్టి లెక్క నా మీద పడింది. మా మిషన్ 350 వాట్లు తింటుంది. మంచి ఇన్వర్టర్ అయినా పదిశాతం దాకా వేడి కింద పోగొడుతుంది. అంటే బ్యాటరీ మీద పడే భారం 390 వాట్ల దాకా. మిక్సీ కూడా తిప్పితే మొత్తం వెయ్యి వాట్లు దాటొచ్చు. అప్పుడు ఇన్వర్టర్ పెట్టెలో పుట్టే వేడి వంద వాట్ల పైమాటే. పాతకాలం వంద వాట్ల బల్బు గుర్తుందా? దాన్ని వెలిగించి అలమరలో పెట్టి తలుపేస్తే ఎలా ఉంటుందో ఊహించండి. మూసిన పెట్టెలో ఇన్వర్టర్ పరిస్థితి అదే.

కొనేటప్పుడు పెట్టె మీద రాసి ఉండే వాట్లు చూసి మురిసిపోకూడదన్నది ఇంకో సంగతి. చాలా కంపెనీలు ఆ అంకెను పాతిక డిగ్రీల వేడిలో కొలిచి వేస్తాయి. నలభై డిగ్రీల దగ్గర అదే యంత్రం అంత బరువు మోయలేదు. ఎంత తగ్గుతుందో లోపలి పుస్తకంలో చిన్న అక్షరాల్లో ఉంటుంది. మన ఎండలకు ఆ చిన్న అక్షరాలే ముఖ్యం. అందుకే 350 వాట్ల అవసరానికి 1500 వాట్లది తీసుకున్నాం, అదీ ప్యూర్ సైన్ వేవ్ రకం. చవకరకం ఇన్వర్టర్లు ఇచ్చే మెట్లు మెట్ల కరెంటుకు కంప్రెసర్ మోటార్లు మూలుగుతాయి, వేడెక్కుతాయి. ఊపిరికి సంబంధించిన యంత్రంతో ఆ పొదుపు వద్దు.

మంచం కింద మూల్గిన పెట్టె

బిగించే పని ఓ షెడ్డులో జరిగింది. అక్కడి కార్పెంటర్ చెయ్యి మంచిదే, మంచం ముచ్చటగా చేశాడు. ‘కనపడితే బాగుండదక్కా’ అని ఇన్వర్టర్‌ను మంచం కింద సొరుగులో పెట్టేసి, నున్నటి సన్‌మైకా తలుపు కూడా బిగించాడు. బ్యాటరీ డ్రైవరు సీటు వెనకాల. రెంటికీ మధ్య పది అడుగుల దూరం, దానికి 10 చదరపు మిల్లీమీటర్ల తీగ లాగాడు.

ఇంట్లో 230 వోల్టుల దగ్గర ఆ తీగ దొడ్డుగానే అనిపిస్తుంది. 12 వోల్టుల దగ్గర కథ మారిపోతుంది. వోల్టులు తగ్గినకొద్దీ అదే పనికి ఆంపియర్లు పెరగాలి. వెయ్యి వాట్ల పనికి తొంభై ఆంపియర్ల పైనే పారాలి. పోనూ రానూ ఇరవై అడుగుల ఆ తీగలో దాదాపు ఒక వోల్టు దారిలోనే హరించుకుపోతుంది, ఎనభై వాట్లకు పైగా తీగను కాల్చడానికే ఖర్చవుతుంది! అదే 50 చదరపు మిల్లీమీటర్ల తీగతో దూరాన్ని మూడడుగులకు కుదిస్తే ఆ నష్టం ఐదారు వాట్లు. తీగను లావు చెయ్యి, పొట్టి చెయ్యి... ఈ రెండు మాటలూ బండిలో ఇన్వర్టర్ పెట్టుకునేవాళ్లు గోడ మీద రాసుకోవాలి.

మామయ్యను ఎక్కించకుండానే ఇంటి ముందు ఓ పరీక్ష పెట్టాం. ఏప్రిల్ నెల, మధ్యాహ్నం వేళ. మిషన్ వేసి, సొరుగులో వంటింటి ధర్మామీటరు పెట్టి, తలుపు మూశాం. గంట దాటిందో లేదో కీచుమని అరుపు. ఇన్వర్టర్ తనంతట తనే ఆగిపోయింది. వెంటనే కాన్సన్‌ట్రేటర్ తన అలారం తను మోగించింది. రెండు కూతలు కలిసి వీధిలో పిల్లలంతా పరుగెత్తుకొచ్చారు. ధర్మామీటరు యాభై దాటి ఉంది. అదే ఏ అడవి దారిలోనో జరిగి ఉంటే?

మామయ్య అరుగు మీద కూర్చుని అంతా చూస్తున్నాడు. ఇంట్లోని గొట్టం తలుపుదాకా వస్తుంది. ఆ కాస్త మేర లేచి వచ్చి, గొట్టం ముక్కు నుంచి తీసి పక్కన పెట్టి, బండెక్కి సొరుగులో చెయ్యి దూర్చాడు. రాణీపేట అలవాటు! ‘గాలి లోపలికి వచ్చే దారి అందరూ పెడతారు. బయటికిపోయే దారి చూడమ్మణ్ణీ. పోకుంటే వచ్చేది యాడికొస్తుంది?’ అన్నాడు.

అంతకంటే బాగా పాఠ్యపుస్తకంలో కూడా రాయలేదు. లోపలి వేడిగాలికి బయటి దారి లేకపోతే ఇన్వర్టర్ ఫ్యాను ఆ వేడిగాలినే మళ్లీ మళ్లీ పీల్చి వదులుతుంది. ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, పెట్టె కాలుతూనే ఉంటుంది.

మర్నాడు మొత్తం విప్పేశాం. డ్రైవరు సీటు వెనక ఉన్న అడ్డుగోడకు ఇనుప ఫ్రేము వేయించి, దాన్ని బండి ఛాసిస్‌కు బోల్టులతో బిగించాం. ఫ్రేము మీద నిప్పంటని సిమెంటు ఫైబర్ షీటు, దాని మీద ఇన్వర్టర్. ప్లైవుడ్‌కు స్క్రూలు కొట్టి వదిలేస్తే వంద కిలోమీటర్ల కుదుపుకు వదులవుతాయి కాబట్టి నైలాన్ పట్టున్న నట్లు, స్ప్రింగ్ వాషర్లు, మధ్యలో రబ్బరు దిమ్మెలు వేశాం. నిలువుగానా, అడ్డంగానా అన్నది మన ఇష్టం కాదు, కంపెనీ పుస్తకంలో గీసిన బొమ్మ ప్రకారమే. గాలి కంతలు మాత్రం ఎప్పుడూ ఆకాశం చూడకూడదు. ఓ నీటిచుక్కో, జారిపడిన స్క్రూనో చాలు కొంప ముంచడానికి. చుట్టూ నాలుగువేళ్ల ఎడం సరిపోదు, ఫ్యాను ఉన్న రెండు కొసల్లో జానెడు వదలాలి.

గాలి దారి ఇలా కుదిరింది: కింద, మంచం నీడ వైపు నుంచి చల్లగాలి వచ్చే జాలీ ఒకటి. పైన, ఎదురు మూలలో బయటికి తోసే 12 వోల్టుల చిన్న ఫ్యాను, దానికి వాననీళ్లు రాకుండా కిందికి వంచిన రేకు గొట్టం. వేడిగాలి ఎటూ పైకే పోతుంది కాబట్టి పోయే దారి పైన ఉంటే ఫ్యానుకు సగం పని తగ్గుతుంది. కాన్సన్‌ట్రేటర్‌ను కూడా లెక్కలో వేసుకోవాలి సుమా! అది తినే 350 వాట్లూ చివరికి వేడిగా మారి బండిలోకే వస్తాయి. దానికీ గోడకూ మధ్య అడుగు ఖాళీ వదిలి, అది గాలి వదిలే వైపు కిటికీ ఉండేట్టు పెట్టాం. ఆక్సిజన్ గొట్టం మాత్రం ఇన్వర్టర్ ఛాయలకు కూడా రాకుండా అవతలి గోడ వెంట నడిపించాం.

బ్యాటరీ విషయంలో షాపతను ఇంట్లో వాడే ట్యూబులర్ బ్యాటరీ చవక అన్నాడు. నిజమే. కానీ యాసిడ్ బ్యాటరీ చార్జయ్యేటప్పుడు హైడ్రోజన్ వదులుతుంది, యాసిడ్ ఆవిరీ వస్తుంది. ఇన్వర్టర్‌తో పాటు ఒకే పెట్టెలో దాన్ని మూసిపెట్టడం ఎవరికీ మంచిది కాదు. ఇక ఊపిరితిత్తులు బాగాలేని మనిషి పడుకునే గదిలోనా? ఖర్చయినా లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ తీసుకున్నాం, 200 ఆంపియర్ అవర్లది. బరువూ తక్కువే. పూర్తిగా పిండకుండా వాడితే మా మిషన్‌ను ఐదుగంటలు నడుపుతుంది. బండి కదులుతున్నప్పుడు ఆల్టర్నేటర్ నుంచి చార్జర్ ద్వారా ముప్పై ఆంపియర్లు వస్తాయి, అంటే వచ్చేదీ పోయేదీ దాదాపు సమానం. ఆగినప్పుడే గడియారం చూసుకోవాలి. బ్యాటరీకి జానెడు దూరంలో 200 ఆంపియర్ల ఫ్యూజు పెట్టాం. ఇవన్నీ మొండికేస్తే ఆదుకోవడానికి ఓ చిన్న ఆక్సిజన్ సిలిండర్‌ను నిలబెట్టి రెండు చోట్ల బెల్టులతో కట్టాం.

మళ్లీ పరీక్ష. మిట్టమధ్యాహ్నం మూడుగంటలు. ధర్మామీటరు నలభై రెండు దాటలేదు. మామయ్య మళ్లీ చెయ్యిపెట్టి చూసి, ‘ఇప్పుడు మద్రాసుకు పోవచ్చు’ అన్నాడు!

గాలే మందైన ఊరు

మొదటి మజిలీ పట్నాన్ని ఆనుకునే ఉన్న ఆరోగ్యవరం. మామయ్య తొమ్మిదేళ్ల పిల్లాడిగా ఉన్నప్పుడు వాళ్లమ్మ క్షయతో ఎనిమిది నెలలు ఇక్కడే ఉందట. వందేళ్లకు పైబడిన ఈ శానిటోరియంను మిషనరీ సంస్థలు కలిసి కట్టించాయి. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ ఫ్రిమోట్-మోలర్ దీన్ని తీర్చిదిద్దారు. స్ట్రెప్టోమైసిన్ లాంటి మందులు రాకముందు క్షయకు విశ్రాంతి, తిండి, గాలి... ఇవే చికిత్స. రెండువేల రెండొందల అడుగుల ఎత్తున ఉన్న మదనపల్లె పొడిగాలి అందుకే వాళ్లకు నచ్చింది. 1948లో మన దేశంలో బీసీజీ టీకాలు తొలిసారి వేసిన చోట్లలో మదనపల్లె ఒకటి. ఈనాడు మన పిల్లల భుజం మీద కనిపించే ఆ మచ్చకు ఈ ఊరితో చుట్టరికం ఉందన్నమాట.

పాత శానిటోరియం వార్డుల్లో పొడుగాటి వరండాలు, ఎదురెదురు కిటికీలు ఉండేవి. రోగుల మంచాలు ఆరుబయటికి వచ్చేవి. ‘మాయమ్మ మంచం ఆ చెట్టు కింద ఏసేవోళ్లు. నన్ను దగ్గరికి పోనిచ్చేవోళ్లు కాదు. గేటు దగ్గర నుంచే చెయ్యి ఊపేవాణ్ణి’ అన్నాడు మామయ్య. ఏ చెట్టో ఇప్పుడు తెలియదు. బండి దిగలేదు. ఇంజను ఆపి ఇరవై నిమిషాలు ఊరికే అటు చూస్తూ కూర్చున్నాడు. వెనక ఇన్వర్టర్ ఫ్యాను సన్నగా తిరుగుతోంది.

ఊళ్లో బీసెంట్ థియోసాఫికల్ కాలేజీ ముందు నుంచి పోతుంటే పిల్లలు ఆపమన్నారు. 1919లో రవీంద్రనాథ్ టాగూర్ ఇక్కడ కొన్నాళ్లుండి జనగణమనను ఇంగ్లిష్‌లోకి అనువదించారు. మార్గరెట్ కజిన్స్ స్వరం కుదిర్చారు. జిడ్డు కృష్ణమూర్తి పుట్టింది కూడా ఈ ఊళ్లోనే, 1895లో. ఫొటోలు దిగి కదిలాం.

అంగళ్లు దాటాక ఎడమా కుడీ టమోటా తోటలు, కర్రలకు కట్టిన తీగలు. కాసేపటికి హార్స్‌లీ కొండలు. అసలు పేరు ఏనుగు మల్లమ్మ కొండ. కడప కలెక్టరుగా ఉన్న హార్స్‌లీ దొర ఈ చల్లదనానికి ముచ్చటపడి ఇల్లు కట్టుకోవడంతో ఆయన పేరు స్థిరపడింది. కొండ నాలుగువేల అడుగులు దాటుతుంది. డాక్టరుగారు ‘పగలు వెళ్లి పగలే దిగిరండి, వేలికి పెట్టే మీటరు చూస్తూ ఉండండి’ అని షరతు పెట్టారు. ఎత్తుకు పోయేకొద్దీ గాలి పలచనవుతుంది. ఆ ఇబ్బంది మనిషికే కాదు, ఇన్వర్టర్‌కు కూడా ఉంది. ఫ్యాను అంతే వేగంగా తిరిగినా పలచటిగాలి మోసుకుపోయే వేడి తక్కువ. అందుకే వెయ్యి మీటర్లు దాటితే సామర్థ్యం తగ్గించి లెక్క వేసుకోమని కొన్ని కంపెనీలు రాస్తాయి. అయితే కొండ మీద చల్లదనం ఆ లోటును పూడ్చేసింది. పెట్టెలో ధర్మామీటరు ముప్పై నాలుగు చూపించింది. మామయ్య వేలి మీటరు ఘాట్ రోడ్డు చివరి మలుపుల్లో రెండంకెలు దిగింది. డాక్టరుగారు ముందే చెప్పినట్టు మిషన్ మీద గుండీ కాస్త తిప్పాం, నిలకడకు వచ్చింది. నా అరచేతులు మాత్రం కిందికి దిగేదాకా చెమట పడుతూనే ఉన్నాయి.

పైన హార్స్‌లీ దొర 1859లో నాటాడని చెప్పే యూకలిప్టస్ మహావృక్షం ఉంది, కల్యాణి అంటారు. దాని కింద రాగిసంగటి, చింతకాయ ఊరిబిండి విప్పాం. మామయ్య రెండు ముద్దలు తిన్నాడు. ఇంట్లో ఒకటే తింటాడు.

పొట్టి ఆవు, పలమనేరు కుండ

రెండోరోజు పొద్దున్నే పుంగనూరు దారి. మదనపల్లె నుంచి గంట లోపే. ఈ ఊరి పేరు చెబితే ఆవు గుర్తుకు రానివాళ్లుండరు. మూడడుగులు మించని ఎత్తు, ప్రపంచంలోనే అతి పొట్టి ఆవుల్లో ఒకటి. కనుమరుగవుతున్న ఈ జాతిని కాపాడే పని పలమనేరు పరిశోధన కేంద్రంలో ఏళ్లుగా సాగుతోంది. 2024 సంక్రాంతికి ప్రధాని ఇంట వీటికి మేత తినిపిస్తున్న ఫొటోలు వచ్చాక గిరాకీ ఆకాశానికంటింది. రోడ్డు పక్క ఓ రైతు దొడ్లో రెండింటిని చూశాం. మా పిల్లాడి నడుం ఎత్తు కూడా లేవు! ఒంటి బరువుతో పోలిస్తే చర్మం ఎక్కువ కాబట్టి చిన్న ఒంటికి వేడి త్వరగా దిగిపోతుందని వాడికి చెప్పబోతే, ‘సెలవుల్లో కూడా పాఠమా’ అన్నాడు. మానేశాను.

పుంగనూరులోనే అసలు పరీక్ష ఎదురైంది. ఏదో ఊరేగింపు అడ్డంవచ్చి బజారు మధ్యలో గంటన్నర ఆగిపోయాం. నెత్తిన ఎండ, చుట్టూ బండ్ల పొగ, అందుకని కిటికీలు మూయాల్సి వచ్చింది. నిలబడిన బండి మూసిన డబ్బా కదా... లోపల గాలి నిమిషాల్లో సెగ అయిపోయింది. ఇన్వర్టర్‌కు చల్లగాలి ఇవ్వాల్సిన జాలీలోంచి వస్తున్నది ఆ సెగే. పెట్టె ధర్మామీటరు నలభై ఐదు... నలభై ఏడు... మావారు ఇంజను వేసి ఏసీ పెట్టారు. నేను కింది జాలీ ఎదురుగా తడిగుడ్డ కట్టబోతే మామయ్య వారించాడు. ‘తడి వొద్దు. నీడ చెయ్యి’ అన్నాడు. అదీ నిజమే, తేమ ఇన్వర్టర్‌లోకి పోతే ఉన్న కంపకు కొత్త కంప. పడమటి కిటికీ అద్దానికి దుప్పటి అడ్డం కట్టాం. మరిది దిగి అట్టముక్కతో బండి పైకప్పు మీద టార్పాలిన్ ఒకటి ఎత్తుగా, కప్పుకూ దానికీ మధ్య గాలి ఆడేట్టు కట్టాడు. లారీల దగ్గర పెరిగినవాడు కదా! ఇరవై నిమిషాల్లో అంకె నలభై మూడుకు దిగింది. కాన్సన్‌ట్రేటర్ గుర్రుమంటూనే ఉంది. ఊరేగింపు సాగిపోయింది.

పలమనేరు టెర్రకోట బొమ్మలకు, కుండలకు ప్రసిద్ధి. ఓ నీళ్లకుండ కొన్నాం. కుండ గోడల్లోంచి ఊరిన తడి ఆరుతూ లోపలి నీళ్లను చల్లబరుస్తుంది. ఫ్యాను, ఫ్యూజు, వైరు ఏమీ అక్కర్లేని ఏర్పాటు. అక్కడి నుంచి వి.కోట దారిలో కౌండిన్య అడవి అంచులు తగులుతాయి. ఏనుగులు తిరిగే చోటు. ‘పొద్దుగూకేలోపల దాటేయాల’ అన్నది మామయ్య పాత నియమం. నాలుగింటికల్లా దాటేశాం.

మూడు భాషల కుప్పం

కుప్పంలో ఒకే అంగట్లో తెలుగు, తమిళం, కన్నడం మూడూ వినిపిస్తాయి. అటు కోలారు, ఇటు కృష్ణగిరి, మధ్యలో ఈ ఊరు. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం ఇక్కడ పెట్టడంలో ఔచిత్యం ఉంది. మామయ్య అక్క, మాకు పెద్దత్త, గుమ్మంలో నిలబడి ‘ఏంరా, ముక్కుతాడు ఏసుకొనొచ్చినావే’ అని నవ్వి, వెంటనే కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఇద్దరూ కలుసుకుని ఆరేళ్లయింది.

రాత్రికి బండిని వాళ్లింటి ప్లగ్గుకు తగిలించి, ఇన్వర్టర్‌కు విశ్రాంతి ఇచ్చాం. మాటల్లో వాళ్ల పక్కింటావిడ చెప్పిన సంగతి నాకు భలే నచ్చింది. 2002లో హ్యూలెట్ ప్యాకార్డ్ కంపెనీ కుప్పంలో ఓ కార్యక్రమం నడిపింది. పొదుపు సంఘాల ఆడవాళ్లకు డిజిటల్ కెమెరాలు, చిన్న ప్రింటర్లు, వాటిని నడపడానికి సోలార్ పలక ఇచ్చింది. స్టూడియో లేని పల్లెల్లో పెళ్లి ఫొటోలు, గుర్తింపు కార్డు ఫొటోలు అక్కడికక్కడే తీసి చేతిలో పెట్టేవారు. కరెంటును వెంట మోసుకుని ఊరూరా తిరగడం ఈ ఊరి ఆడవాళ్లు మాకంటే ఇరవయ్యేళ్ల ముందే చేశారన్నమాట!

ఇప్పుడు ఇళ్ల మీదే పలకలు వెలుస్తున్నాయి. ఇంటి పైకప్పు సోలార్‌కు ప్రయోగంగా తీసుకున్న నడిమూరు ఈ నియోజకవర్గంలోదే. పొద్దున పెద్దత్త వాళ్ల వీధిలోనూ ఒక ఇంటికి చూశాను. పలకలు ఎర్రటెండలో మిద్దె మీద ఉన్నాయి, ఇన్వర్టర్ మాత్రం ఉత్తరం గోడకు, సన్‌షేడ్ నీడలో, చుట్టూ మూరెడు ఖాళీతో. బిగించిన కుర్రాడెవరో కానీ పని తెలిసినవాడు. పలకకు ఎండ కావాలి, ఇన్వర్టర్‌కు నీడ కావాలి. ఒకే ఇంట్లో అత్తా కోడళ్లలాగా.

బయల్దేరేముందు కింది జాలీకి కట్టిన ఫిల్టరు గుడ్డ విప్పి దులిపాను. రెండొందల కిలోమీటర్లు కూడా తిరగలేదు, అప్పుడే ఎర్రమట్టి, దాని మీద గ్రానైట్ లారీల తెల్లటి పొడి పొరలా పేరుకున్నాయి. దుమ్ము పట్టిన ఫిల్టరు ఉన్నా ఒకటే, దారి మూసేసినా ఒకటే. వారానికోసారి దులపమని పుస్తకంలో ఉంది, మన రోడ్ల మీద రోజూ దులపాలి. నట్లన్నీ ఓసారి స్పానర్‌తో పట్టి చూశాం. ఒక్కటి మాత్రం పావు మలుపు తిరిగింది.

మామయ్య అరుగు మీద కూర్చుని అదంతా గమనిస్తూ, ‘కోయంబేడు ఇక్కడ్నించి ఎంతసేపు?’ అని మావారిని అడుగుతున్నాడు. ఆ మార్కెట్ కట్టాక నాలుగైదేళ్లే తోలాడట, సరిగా చూడనేలేదట. మే నెల చెన్నై అంటే నలభై డిగ్రీలు, పైగా సముద్రపు ఉక్క. వెనక ఫ్యాను ఒకటి చాలదు. రెండోది పెట్టాలంటే రేకు గొట్టం ఎంత వెడల్పు చేయించాలో కాగితం మీద లెక్క వేస్తున్నాను.